యంత్రానికి గ్రంథాలయం కూర్చిన గణితవేత్త: గ్రేస్ హాపర్

గత విద్యాసంవత్సరంలో మన కళాశాల కంప్యూటర్ ప్రయోగశాలలో ఒక చిన్న సంఘటన జరిగింది. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదువుకొని వచ్చిన ప్రథమ సంవత్సరపు విద్యార్థిని ఒకతె పైథాన్ భాషలో నాలుగు పంక్తుల ప్రోగ్రాము వ్రాసింది. తెర మీద తాబేలు బొమ్మ ఒకటి నడుస్తూ వృత్తాన్ని గీయవలె, అంతే పని. పుస్తకంలో ఉన్నది ఉన్నట్లే వ్రాసింది. యంత్రం మాత్రం టికింటర్ అనే భాగం కనబడలేదని ఒక సందేశాన్ని చూపి ఊరకున్నది. ఆ అమ్మాయి తన వ్రాతలోనే దోషమున్నదని తలచి, ఆ నాలుగు పంక్తులనే చెరిపి వ్రాస్తూ, మరల చెరిపి వ్రాస్తూ గంటసేపు కూర్చున్నది. చివరకు తనకీ విద్య అబ్బదని, వాణిజ్యశాస్త్రానికి మారిపోతానని చెప్పడానికి నా వద్దకు వచ్చింది.

ఆమె ప్రోగ్రాములో తప్పేమీ లేదు. తప్పు మేము యంత్రంలో ఆ భాషను నెలకొల్పిన తీరులో ఉన్నది. పైథాన్‌లోని తాబేలు స్వయంగా గీతలు గీయజాలదు. ఆ పనికై అది టికింటర్‌ను ఆశ్రయిస్తుంది. టికింటర్‌లో కొంత భాగం పైథాన్‌లోను, కొంత భాగం సీ భాషలోను వ్రాయబడి ఉన్నది. ఆ రెండవ భాగం టీసీఎల్, టీకే అనే వేరొక లైబ్రరీని పిలిచి తెరపై కిటికీలను, గీతలను తెప్పిస్తుంది. లైబ్రరీ అనగా ఇక్కడ పుస్తకాల గది కాదు. ఎవరో ఒకరు ముందే వ్రాసి, పరీక్షించి, పదిమందికీ పనికివచ్చేటట్లు పేర్లు పెట్టి ఉంచిన ప్రోగ్రాముల భాండాగారం. తెరయే లేని సర్వర్ యంత్రాలకు బొమ్మల లైబ్రరీతో అవసరముండదు గనుక, అనేక లినక్స్ పంపిణీలలో దానిని భాషనుండి విడదీసి వేరొక మూటగా కట్టి ఉంచుతారు. మేము భాషను తెచ్చుకొని మూటను మరచిపోయినాము.

ఆనాడు ఆ అమ్మాయికి ధైర్యం చెప్పడానికై గ్రేస్ హాపర్ జీవితాన్ని కొంత వినిపించాను. అప్పుడు చెప్పనిది కూడా చేర్చి ఇక్కడ వ్రాస్తున్నాను.

గ్రేస్ బ్రూస్టర్ మరే 1906 డిసెంబరు 9న న్యూయార్క్ నగరంలో జన్మించింది. తండ్రి భీమా వ్యాపారంలో ఉండేవాడు. తల్లికి గణితమంటే ప్రీతి. అయితే ఆ కాలపు కట్టుబాట్లు ఆమెను ఎక్కువ దూరం చదువనీయలేదు. ముగ్గురు పిల్లలలో గ్రేస్ పెద్దది. ఏడేళ్ళ వయస్సులో ఆమెకు అలారం గడియారం లోపల ఏమున్నదో చూడవలెనని బుద్ధి పుట్టింది. విప్పింది, తిరిగి కూర్చడం తెలియలేదు. ఎట్లా కూర్చవలెనో చూచుటకై ఇంకొకటి విప్పింది. ఆ విధంగా ఇంటిలోని ఏడు గడియారాలూ విప్పబడిన తరువాత తల్లికి సంగతి తెలిసింది. ఆ మహాతల్లి కూతురిని కొట్టలేదు; ఇకమీదట ఒక్క గడియారంతోనే ప్రయోగాలు చేసుకొమ్మని నియమం పెట్టింది. మన ఇళ్ళలో అయితే ఏమయ్యేదో పాఠకుల ఊహకే వదిలివేస్తున్నాను.

పదహారేళ్ళ ప్రాయంలో వాసర్ కళాశాల ప్రవేశానికై వ్రాసిన పరీక్షలలో ఆమె లాటిన్ తప్పింది. ఒక సంవత్సరం ఆగి మరల వ్రాసి చేరింది. 1928లో గణిత, భౌతికశాస్త్రాలలో పట్టం పుచ్చుకొని, యేల్ విశ్వవిద్యాలయం నుండి 1930లో ఎం.ఏ., 1934లో గణితంలో డాక్టరేటు పొందింది. 1930లోనే విన్సెంట్ హాపర్ అనే అధ్యాపకునితో వివాహమైనది. ఆ దాంపత్యం 1945లో విడాకులతో ముగిసినా ఆయన ఇంటిపేరు మాత్రం ఆమెతో చివరివరకు నిలిచింది. 1931 నుండి వాసర్‌లోనే గణితం బోధించింది. ప్రశాంతమైన ఉద్యోగం, చదువుకొన్న విద్యార్థినులు, పెరుగుతున్న హోదా, అన్నీ ఉన్నవి. ద్వితీయ ప్రపంచ సంగ్రామం రాకపోయినట్లయితే ఆమె అక్కడనే పదవీ విరమణ చేసి ఉండేదేమో.

యుద్ధం వచ్చింది. నౌకాదళంలో చేరవలెనని ఆమె సంకల్పించింది. వయస్సు 37 దాటవచ్చింది. శరీరపు బరువు ఉండవలసినదానికంటె తక్కువ. పైగా గణిత బోధకురాలిగా ఉన్న చోటనే దేశానికి అవసరమన్న అభ్యంతరం. ఆమె పట్టు విడువక మినహాయింపు సంపాదించి 1943 డిసెంబరులో నౌకాదళపు రిజర్వు విభాగంలో చేరింది. శిక్షణలో తన తరగతిలో ప్రథమస్థానం పొందింది. 1944 జూలైలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో హొవర్డ్ ఐకెన్ అధీనంలో ఉన్న మార్క్-1 అనే యంత్రం వద్దకు ఆమెను పంపినారు.

ఆ యంత్రం 51 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు, దాదాపు 5 టన్నుల బరువు గలది. సెకనుకు మూడు కూడికలు చేసేది. ఆజ్ఞలను కాగితపు పట్టీ మీద రంధ్రాలుగా పొడిచి దానికి అందించవలె. రాబర్ట్ క్యాంబెల్, రిచర్డ్ బ్లాక్ అనే ఇద్దరు యువకులు ఆమెకు తోటి ప్రోగ్రామర్లు. రాత్రింబగళ్ళు యుద్ధపు లెక్కలు. ఆ యంత్రాన్ని నడిపే విధానాన్ని వివరించే గ్రంథం వ్రాసే భారం కూడా ఐకెన్ ఆమె మీదనే వేసినాడు. 561 పుటల ఆ గ్రంథం 1946లో వెలువడింది.

ఈ ముగ్గురూ తలా ఒక నోటుపుస్తకం పెట్టుకొన్నారు. ఒకసారి చక్కగా నడచిన ప్రోగ్రాము ముక్కను, ఉదాహరణకు త్రికోణమితిలోని సైను విలువ కట్టే ముక్కను, అందులో వ్రాసి ఉంచేవారు. మరొకరికి అవసరమైనప్పుడు ఆ పుస్తకం అడిగి తీసుకొని తన ప్రోగ్రాములోనికి ఎక్కించుకొనేవారు. పంచుకొన్న ముక్కల భాండాగారం అన్న ఆలోచనకు ఆమె జీవితంలో మూలం ఈ నోటుపుస్తకాలే. అయితే చేతితో ఎక్కించడంలోనే ఆపద ఉన్నదని ఆమె గమనించింది. ఉన్న ముక్కను కొత్త ప్రోగ్రాములో పెట్టినప్పుడు అందలి చిరునామాలన్నిటికీ ఒక సంఖ్యను కూడవలె. మనుష్యులు కూడికలో పొరపాటు పడతారు. తరువాత యూనివాక్ యంత్రంపై పనిచేసిన కాలంలో ఖాళీకి గుర్తుగా వ్రాసే త్రిభుజాన్ని చూచి నకలు వ్రాసేవారు 4 అనుకొనేవారు; ఆంగ్లాక్షరమైన బి చేతివ్రాతలో 13గా మారిపోయేది. గణితంలో డాక్టరేటు ఉన్నవారు కూడా చూచివ్రాతకు తగరని ఆమె గ్రహించింది.

ఇక ఆ చిమ్మట సంగతి. 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్‌లో మార్క్-2 యంత్రం పనిచేయక మొరాయించింది. వెదకగా 70వ రిలేలో చిక్కుకొన్న చిమ్మట ఒకటి దొరికింది. దానిని తీసి దినచర్య పుస్తకంలో అంటించినారు. ఆ పుట నేటికీ వాషింగ్టన్‌లోని జాతీయ అమెరికన్ చరిత్ర ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నది. దీనిని బట్టి యంత్రదోషానికి పురుగు అనే పేరు హాపరే పెట్టిందని చాలామంది వ్రాస్తున్నారు. అది సరికాదు. ఎడిసన్ కాలంనాడే ఇంజనీర్లు ఆ మాట వాడేవారు. ఆ పురుగును పట్టిన చేతులు కూడా ఆమెవి కాకపోవచ్చు. ఆ కథను ఊరూరా చెప్పి లోకానికి తెలియజేసింది మాత్రం ఆమెయే. నాకు ఇందులో నచ్చినది పురుగు కాదు, అంటించిన పుట. దోషం దొరికిన రోజు, గడియ, చోటు వ్రాసిపెట్టే అలవాటు ఆ ప్రయోగశాలలో ఉన్నది గనుకనే ఆ కథ మనదాకా వచ్చింది.

1949లో హాపర్ హార్వర్డ్ విడిచి, ఫిలడెల్ఫియాలో ఎకర్ట్, మాక్లీలు నెలకొల్పిన కంపెనీలో చేరింది. అక్కడ యూనివాక్ నిర్మాణం జరుగుతూ ఉండేది. ఈ కాలం ఆమెకు చీకటి కాలం. యుద్ధకాలపు శ్రమ, ఒంటరితనం, ఉద్యోగపు అనిశ్చితి కలిసి ఆమెను మద్యపాన వ్యసనంలోనికి త్రోసినవి. ఎడ్మండ్ బర్క్‌లీ అనే మిత్రుడు లేఖ వ్రాసి హెచ్చరించవలసినంత స్థితి వచ్చింది. మహనీయుల చరిత్రలలో ఇటువంటి పుటలను చించివేయడం మనవారికి అలవాటు. కాని ఆమె ఆ గోతిలోనుండి లేచి వచ్చిన రెండేళ్ళలోపలనే తన జీవితంలోకెల్ల పెద్ద పని చేసింది గనుక ఈ పుటను నేను ఉంచుతున్నాను.

ఆ పని 1951 అక్టోబరులో ప్రారంభమై 1952 మే నాటికి ఒక రూపానికి వచ్చింది. పేరు ఏ-0. పరీక్షించి సిద్ధం చేసిన ఉపప్రోగ్రాములన్నిటినీ అయస్కాంతపు టేపు మీద వరుసగా ఉంచి, ఒక్కొక్కదానికి గ్రంథాలయంలో పుస్తకానికి వేసినట్లు పిలుపు సంఖ్య వేసింది. ప్రోగ్రాము వ్రాసే మనిషి ఇక ఆ ముక్కలను చేతితో ఎక్కించనవసరం లేదు. ఏ సంఖ్య గల ముక్క కావలెనో, దానికి ఏ విలువలు ఇవ్వవలెనో వ్రాస్తే చాలు. యంత్రమే టేపులో వెదకి, ముక్కను తెచ్చి, చిరునామాలు సరిచేసి, పూర్తి ప్రోగ్రామును కూర్చి ఇస్తుంది. గ్రంథాలయంలోనుండి ముక్కలను ఏరి సంకలనం చేస్తుంది గనుక దానికి కంపైలర్ అని పేరు పెట్టింది. నేడు ఆ మాటకు అర్థం మారింది. ఏ-0 చేసిన పనిని నేటి పరిభాషలో లింకర్, లోడర్ అనేవి చేస్తున్నవి.

ఇందులో ఒక చిక్కు ఎదురైంది. ప్రోగ్రాము మధ్యలో వెనుకకు దూకవలసి వస్తే, ఆ చోటు ఇదివరకే కూర్చబడి ఉన్నది గనుక దాని చిరునామా తెలుసు. ముందుకు దూకవలసి వస్తే? ఆ ముక్క ఇంకా రానే లేదు. ఎక్కడ పడుతుందో తెలియదు. హాపర్‌కు కళాశాలలో ఆడిన బాస్కెట్‌బాల్ జ్ఞాపకానికి వచ్చింది. నేరుగా అందించడానికి వీలులేనప్పుడు బంతిని మధ్యనున్న మరొక క్రీడాకారిణికి అందించి, ఆమె ద్వారా ముందుకు పంపేవారు. అదే ఉపాయంతో ఆమె యంత్రపు స్మృతిలో ఒక తటస్థమైన మూలను కేటాయించింది. ముందుకు దూకవలసిన ఆజ్ఞ మొదట ఆ మూలకు దూకుతుంది. కావలసిన ముక్క వచ్చి తన స్థానంలో కూర్చున్న తరువాత, ఆ మూలనుండి దానికి మరొక దూకుడు వ్రాయబడుతుంది. ఇంకా రాని దాని కొరకు చోటు ఉంచి ఎదురుచూడడం, వచ్చిన తరువాత ముడి వేయడం, ఈ ఉపాయం ఎంత సులభంగా కనిపించినా, నేడు మన యంత్రాలలో లైబ్రరీలను ముడివేసే పద్ధతులన్నిటా ఇటువంటి ఏర్పాటే ఏదో రూపంలో ఉన్నది. ఎదురుచూచినది ఎంతకూ రాకపోతేనే కనబడలేదన్న సందేశం తెరమీదికి వస్తుంది. మన విద్యార్థిని చూచినదీ అటువంటిదే.

న్యాయం కొరకు ఒక మాట చెప్పవలె. ఉపప్రోగ్రాముల భాండాగారం హాపర్ ఒక్కతె సృష్టి కాదు. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ అనే వారు ఎడ్సాక్ యంత్రానికై అంతకుముందే అటువంటిది కూర్చి, 1951లో దానిని గురించి గ్రంథం ప్రచురించినారు. ముక్కలను వెదకి తెచ్చి కూర్చే పనిని యంత్రానికే అప్పగించడంలో హాపర్ ప్రత్యేకత ఉన్నది. ఆనాడు చాలామంది దానిని నమ్మలేదు. యంత్రం లెక్కలు కడుతుంది గాని ప్రోగ్రాములు వ్రాయజాలదని వారి వాదం. 1953లో ఏ-2 అనే మెరుగైన రూపం వచ్చినప్పుడు, ఆమె దానిని వాడుకదారులకు మూలప్రతితో సహా పంపి, లోపాలు చూచి సరిదిద్దవలసిందని కోరింది. ఈనాడు ఎందరో కలిసి ఉచితంగా పెంచుతున్న పైథాన్ వంటి భాషల సంప్రదాయానికి ఇది ఒక పూర్వరూపమనవచ్చు.

ఆ తరువాత ఆమె చూపు వ్యాపారస్థుల వైపు మళ్ళింది. గణిత సంకేతాలు తెలియనివారు మాటలతోనే ఆజ్ఞలు ఎందుకు ఇవ్వరాదు? ఈ ప్రశ్నలోనుండి పుట్టినదే ఫ్లోమేటిక్. దీనికి సంబంధించిన ఉదంతమొకటి రెండు భాషల ఈ సంచికలో చెప్పక తప్పదు. ఒక చిన్న ప్రోగ్రామును ఆంగ్లపు మాటలతో నడిపి చూపిన పిదప, అదే ప్రోగ్రామును ఫ్రెంచి మాటలతోను, జర్మన్ మాటలతోను కూడా నడపవచ్చునని ఆమె యాజమాన్యానికి ప్రదర్శించబోయింది. వారు బెదిరిపోయినారు. పెన్సిల్వేనియాలో తయారైన అమెరికా యంత్రానికి పరభాషలు ఎట్లా తెలుస్తాయని వారి ఆక్షేపణ! యంత్రానికి ఆంగ్లము తెలియదు, ఫ్రెంచీ తెలియదు; దానికి అన్నీ గుర్తులే అని వారికి నచ్చజెప్పడానికి నెలలు పట్టింది. ఆంగ్లము బాగుగా రాదు గనుక ప్రోగ్రామింగు రాదనుకొనే మన పిల్లలకు, వారు ఉర్దూ వారైనా తెలుగు వారైనా, నేనీ కథ తప్పక చెబుతూ ఉంటాను.

1959 మే నెలలో అమెరికా రక్షణశాఖ భవనంలో తయారీదారులు, వాడుకదారులు సమావేశమై అన్ని యంత్రాలకు పనికివచ్చే వ్యాపార భాష ఒకటి కావలెనని తీర్మానించినారు. ఆ విధంగా కోబాల్ పుట్టింది. దానిని రూపొందించినది ఒక సంఘం. హాపర్ సలహాదారు మాత్రమే. అయినా దాని నిర్మాణంలో ఫ్లోమేటిక్ ఛాయ స్పష్టంగా కనిపిస్తుంది. 1960 డిసెంబరులో రెండు వేర్వేరు కంపెనీల యంత్రాల మీద ఇంచుమించు ఒకే కోబాల్ ప్రోగ్రామును నడిపి చూపినారు. ఆ కోబాల్ కార్యక్రమాలలో తేదీలోని సంవత్సరాన్ని రెండంకెలతో సరిపెట్టినందువలన శతాబ్దాంతంలో వచ్చిపడిన చిక్కును విప్పడానికి మన హైదరాబాదు నుండి వెళ్ళిన యువకులు ఎందరో ఉన్నారు. వారిలో కొందరి పిల్లలు ఈనాడు మన కళాశాల ప్రాయపువారే అయి ఉంటారు.

1966 చివర నౌకాదళం ఆమెకు వయస్సును బట్టి విశ్రాంతి నిచ్చింది. 1967 ఆగస్టులో ఆరు నెలల కొరకని మరల పిలిచింది. ఆ ఆరు నెలలు పందొమ్మిది సంవత్సరాలైనవి! పిలిచిన కారణం గమనించదగినది. కోబాల్ పేరు ఒకటే గాని ఒక్కొక్క కంపెనీ కోబాల్ ఒక్కొక్క విధంగా ఉండేది. 1968 నాటి ప్రమాణం కూడా ఆ భాషను ఒక కేంద్రభాగంగాను, దానిచుట్టూ వర్గీకరణ, నివేదికల తయారీ మొదలైన విభాగాలుగాను ఏర్పరచింది. ఒక చోట ఉన్న విభాగం మరొక చోట ఉండకపోవచ్చు. ఇక్కడ నడచిన ప్రోగ్రాము అక్కడ ఆగిపోయేది. వ్రాసినవాడు తన తప్పేమో అనుకొని తల పట్టుకొనేవాడు. హాపర్ బృందం దీనికి పరీక్షా ప్రోగ్రాములను తయారుచేసింది. కొత్త కంపైలర్ వచ్చిందంటే ముందు వాటిని దానిమీద నడపవలె. భాషలో ఏది ఉన్నదో, ఏది లేదో, ఏది తప్పుగా ఉన్నదో అప్పుడే బయటపడుతుంది. కొనేవాని చేతిలో నిజం ఉంటుంది.

మేము ప్రయోగశాలలో చేయవలసి ఉండి చేయనిది సరిగా ఇదే. ఆ రోజు సందేశాన్ని చదివి, బొమ్మల మూటను తెచ్చి యంత్రంలో పెట్టినాము. అయినా తాబేలు కదలలేదు. తీరా చూడగా ఆ యంత్రంలో రెండు పైథాన్‌లు ఉన్నవి. ఒకటి వ్యవస్థతో వచ్చినది. రెండవది అంతకుముందెవరో మూలప్రతినుండి కట్టినది. మేము మూటను మొదటిదానికి ఇచ్చినాము. పిల్లలు వాడుతున్నది రెండవది. మూలప్రతినుండి కట్టేటప్పుడు టీకే లైబ్రరీ శీర్షిక ఫైళ్ళు యంత్రంలో లేనట్లయితే, పైథాన్ ఆ భాగాన్ని విడిచిపెట్టి, విడిచిన వాటి పట్టికను చివర ఒకసారి చూపి, మిగిలినదంతా కట్టివేస్తుంది. ఆ పట్టికను చదివినవారు లేరు. ఇటువంటప్పుడు లైబ్రరీని తరువాత తెచ్చినంత మాత్రాన చాలదు. భాషను మరల కట్టవలె. కట్టినాము. టికింటర్‌ను ఒంటరిగా పిలిస్తే చిన్న కిటికీ ఒకటి తెరచుకోవలె, తెరచుకొన్నది. ప్రక్క యంత్రంలో మాత్రం అన్నీ ఉండి కూడా కిటికీ రాలేదు. దానిలోనికి విద్యార్థులు మరొక గదినుండి తీగ ద్వారా ప్రవేశిస్తున్నారు గనుక, దానికి తెర ఎక్కడున్నదో తెలియలేదు. ఆ సందేశం వేరు. సందేశాన్ని పూర్తిగా చదవకుండా రెండూ ఒకటే జబ్బనుకొని నేనే అరగంట వృథా చేసినాను.

హాపర్ జీవితంలో మిగిలిన సంగతులు చాలామందికి తెలిసినవే. ఉపన్యాసాలలో ఆమె దాదాపు ముప్ఫై సెంటీమీటర్ల తీగముక్కలు పంచిపెట్టేది. సెకనులో వంద కోట్లవ వంతు కాలంలో విద్యుత్తు అంతకంటె దూరం పోజాలదని చూపడానికి. ఆమె కార్యాలయంలోని గోడగడియారం వెనుకకు తిరిగేది. ఎప్పటినుండో ఇట్లాగే చేస్తున్నాము గనుక ఇట్లాగే చేయవలెననే వారిమీద అది ఆమె వ్యంగ్యం. 1969లో కంప్యూటర్ రంగపు ఆ సంవత్సరపు పురుషుడు అన్న బిరుదును ఆమెకు ఇచ్చినారు. ఇచ్చినవారు నవ్వినారో లేదో తెలియదు. 1986 ఆగస్టు 14న, 79 ఏళ్ళ వయస్సులో, బోస్టన్ రేవులోని కాన్‌స్టిట్యూషన్ అనే ప్రాచీన యుద్ధనౌక మీద రియర్ అడ్మిరల్ హోదాతో పదవీ విరమణ చేసింది. ఆ వెంటనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో సలహాదారుగా చేరి తుదివరకు పనిచేసింది. 1992 జనవరి 1న మరణించింది. ఆర్లింగ్టన్‌లోని జాతీయ శ్మశానవాటికలో ఆమె సమాధి ఉన్నది. ఒక యుద్ధనౌకకు ఆమె పేరు పెట్టినారు. 2016లో మరణానంతరం అమెరికా దేశపు అత్యున్నత పౌరపురస్కారం ఆమెకు లభించింది.

మన ప్రయోగశాలలో ఇప్పుడొక దినచర్య పుస్తకం పెట్టినాము. ఏ యంత్రంలో ఏ భాగం లేదో, ఎవరు ఎప్పుడు గమనించినారో, ఏమి చేసినారో అందులో వ్రాస్తున్నాము. తెలుగులోనూ వ్రాయవచ్చు, ఉర్దూలోనూ వ్రాయవచ్చు. మొదటి పుట ఆ అమ్మాయి చేతివ్రాతలోనే ఉన్నది. ఆమె వాణిజ్యశాస్త్రానికి మారలేదు. ఇరవై యంత్రాలలో పన్నెండింటిని పరీక్షించినాము, ఎనిమిది మిగిలి ఉన్నవి. వేసవి సెలవులలో ప్రయోగశాలను పది దినాలు తెరచి ఉంచడానికి నిర్వాహక సంఘంవారు అనుమతించినట్లయితే ఆ పని కూడా పూర్తి చేయగలము.